కేటలాగు మొదటి కాగితం

ఏ కేటలాగు కొనాలా? ఆ ఒక్క ముక్క అడగడానికి ఇంత ఎండలో పడి వచ్చావా తల్లీ? కూర్చో. అందులో కాదు, ఆ కుర్చీకి ఒక కాలు వదులు, ఇటు ఈ బల్ల మీద కూర్చో. ఆల్బమ్ అలా చెమట చేత్తో పట్టుకోకు, ముందు తుడుచుకో. మీ తాత ఉంటే ఇంత గోల చేసేవాడు. "చెయ్యి కడుక్కున్నావా? తుడుచుకున్నావా? ఆరబెట్టుకున్నావా? అయినా సరే ముట్టుకోకు" అనేవాడు. పట్టకారుతో తప్ప స్టాంపుని తాకనిచ్చేవాడు కాదు. ఆఁ, కేటలాగు, స్టాంపులన్నిటికీ నంబర్లేసిన పుస్తకం. నన్నడిగితే ఏం చెప్తాను, నేను స్టాంపులు దాచినవాణ్ణి కాదు, పుస్తకాల బైండర్ని. ఒక్కటంటే ఒక్క స్టాంపు లేదు నా దగ్గర. అయినా ఇరవై ఏళ్ళు ఈ ఊరి స్టాంపుల సంఘానికి నేనే సెక్రటరీని. ఈత రానివాడు పడవ ఎక్కేవాళ్ళకి టిక్కెట్లు కోసినట్టు. ఎందుకు చేశారంటే, ఆదివారం తొమ్మిదింటికి అంటే తొమ్మిదింటికి తలుపు తీసేవాణ్ణి, తొమ్మిదీ ఐదుకి వచ్చినవాడి పేరు పక్కన ఆలస్యం అని రాసేవాణ్ణి. ఎవరినీ వదిలేవాణ్ణి కాదు. అందుకని.

సరే చెప్తాను విను. ముందు నువ్వేం దాస్తున్నావో తేల్చుకోవాలి. అన్ని దేశాలవీ దాచేవాడికి ఆరు సంపుటాల లావు కేటలాగు ఉంటుంది, అందులో బొమ్మా రంగూ చూసి నంబరు వేస్తారు, అంతే, లోతుకి పోరు. ఒక్క దేశానివే దాచేవాడికి వేరే ఉంటుంది, వాడు అంచు పళ్ళు కూడా లెక్కపెడతాడు, కాగితాన్ని వెలుతురుకి పట్టి లోపలి గుర్తు కూడా చూస్తాడు. ఒకే బొమ్మ, ఒకే రంగు, అయినా పళ్ళు సన్నంగా ఉంటే ఒక నంబరు, లావుగా ఉంటే ఇంకో నంబరు. రెండోది, కేటలాగులో ధర చూసి మురిసిపోకూడదు. ఆ ధర ఆ పుస్తకం వేసినవాడిది, నీకు ఎవరూ ఇవ్వరు. మూడోది... మూడోది తర్వాత చెప్తాను. అసలు నీకు కొత్తది ఎందుకు? లైబ్రరీలో ఉందిగా, అది చూసుకోవచ్చుగా. చూశావా? ఏమన్నావ్? తాత ఆల్బమ్‌లో రాసిన నంబర్లు దాంతో కలవడం లేదా?

ముందు పేజీల్లో కలుస్తున్నాయి, పోను పోను ఒకటి తక్కువ, ఇంకా పోతే మూడు తక్కువ... ఊఁ. తాతయ్య అన్నీ తప్పు రాశాడు అంటున్నావా? ఎవరన్నారు ఆ మాట? నువ్వే అనుకున్నావా, మీ అమ్మ అందా? ఓహో, మీ అమ్మ. "మా నాన్న లెక్కలు అంతేలే" అందా. నవ్వుతూ అందా, ఏడుస్తూ అందా? మామూలుగానే అందా. అది ఇంకా పాపం. కాసిని మంచినీళ్ళు ఆ కూజాలోంచి వంచి ఇవ్వు తల్లీ.

మీ తాత తప్పు రాసే మనిషి కాదు. అది ముందు బుర్రలో పెట్టుకో. మా అక్క మొగుడని చెప్పడం లేదు, మా వాళ్ళని నేను ఏనాడూ వెనకేసుకు రాలేదు, అదే నా జబ్బు. వాచీలు బాగుచేసే మనిషికి తప్పు అనేది ఎక్కడుంటుంది చెప్పు? వెంట్రుకంత స్ప్రింగు, గసగసాలంత మర, ఒకటి పక్కకి పెడితే నడవదు. లైబ్రరీ వీధి మలుపులో, ఇప్పుడు ఫోన్లకి అద్దాలు మారుస్తున్నారే, ఆ గదే అతని షాపు. గది అంటే గది కాదు, అల్మారాకి తలుపు పెట్టినట్టుండేది. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒకేసారి గంట కొట్టవు, అతను కొట్టనిచ్చేవాడు కాదు. "అన్నీ ఒకేసారి అరిస్తే ఏది చెడిందో ఎలా తెలుస్తుంది బామ్మర్దీ" అనేవాడు. కంటికి భూతద్దం పెట్టుకుని వంగి కూర్చుంటే వచ్చినవాడు పావుగంట నిలబడాల్సిందే, తల ఎత్తడు. నడకా అంతే, మాటా అంతే. అందుకే బజారంతా చిన్నముల్లు అని పేరు పెట్టారు. నేనేమో గబగబ మనిషిని, అందరికీ తప్పులు దిద్దుతూ తిరిగేవాణ్ణి, నన్ను పెద్దముల్లు అనేవాడు అతను. "మా పెద్దముల్లు గంటకోసారి నా మీద నుంచి నడిచి వెళ్ళకపోతే నాకు తోచదు" అనేవాడు. షాపు వెనకే ఇల్లు, మీ అమ్మమ్మ తలుపు వెనక నుంచి, "ఇద్దరూ కలిసి నా పన్నెండు గంటలూ తినేశారు, అన్నానికి రండి" అని కేకేసేది. మా అక్కకి నోరు ఎక్కువ. అప్పుడు ఉండేదిలే.

అతను అన్ని స్టాంపులూ దాచలేదు. గడియారం ఉన్నవే దాచాడు. గడియార స్తంభం, జేబు గడియారం, నీడ గడియారం, బొమ్మలో మూల ఎక్కడో గోడకి చిన్న గడియారం వేలాడుతున్నా సరే, దానికి ఆల్బమ్‌లో చోటు. ఒక దేశంవాళ్ళు గడియారం బొమ్మ వేసి ముళ్ళు రెండూ ఒకే పొడుగు పెట్టారట, దాన్ని చూపించి నాలుగు రోజులు నవ్వాడు. తియ్యి ఆల్బమ్, పదకొండో పేజీ తియ్యి. నాకు కళ్ళు సరిగా ఆనవు కానీ ఆ పేజీ తెలుసు. కింది వరసలో ఒక గడి ఖాళీగా ఉందా? పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి, మధ్యలో ఎనభై ఎనిమిది అని రాసి ఉంటుంది. ఉంది కదూ. అది వంతెన పక్క గడియార స్తంభం, ఆకుపచ్చది. ఆ వరసలో మిగతావన్నీ దొరికాయి, అది పదకొండేళ్ళు దొరకలేదు. అక్కడికే వస్తున్నాను, ఉండు.

సంఘం సంగతి చెప్పకపోతే నీకు అర్థం కాదు. లైబ్రరీ మేడ మీద గది, పొడుగు బల్ల, ఎనిమిదిమంది మనుషులు. లెక్కల మాస్టారు పెద్ద. ఆయన పెట్టిందే రూలు. అంతకుముందు మార్చుకునేటప్పుడు తెగ కొట్టుకునేవాళ్ళట, ఒకడు గులాబీ రంగు అంటాడు, రెండోవాడు ఇది ఎరుపయ్యా అంటాడు. మాస్టారు బల్ల మీద చరిచి, "మాటలొద్దు, అంకెలు. మాట అబద్ధమాడుతుంది, అంకె ఆడదు" అన్నాడు. అప్పట్నుంచి ఎవరికి ఏది కావాలో చీటీ మీద కేటలాగు నంబరు ఒక్కటే రాయాలి. ఇచ్చేవాడు కవరులో స్టాంపు పెట్టి, అంటించి, పైన నంబరు వేసి నాకివ్వాలి. రెండు కవర్లూ నేను ఇటుది అటు, అటుది ఇటు మారుస్తాను. అంకె మీదే నడిచే వ్యవహారం కాబట్టి అందరి దగ్గరా ఒకే సంవత్సరం కేటలాగు ఉండాలని ఇంకో రూలు. ఎందుకంటే కేటలాగు వేసేవాళ్ళు ఊరుకోరు కదా, మధ్యలో కొత్త రకం ఏదైనా బయటపడితే దాన్ని ఇరికిస్తారు, ఆ తర్వాతివన్నీ ఒక్కో అంకె ముందుకి జరుగుతాయి. బెంచీ మీద మధ్యలో ఇంకోడు కూర్చుంటే చివరివాళ్ళు జరిగినట్టు. అందుకని ఎవరైనా చేరినప్పుడు వాళ్ళ పుస్తకం తెప్పించి, ఏ సంవత్సరందో సెక్రటరీ కళ్ళారా చూసి రిజిస్టరులో రాయాలి. సెక్రటరీ అంటే నేను. నాకప్పటికి ముప్పై కూడా లేవు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి, మాస్టారూ, మందుల షాపాయనా, అంతంత చదువుకున్నవాళ్ళు నా చేతికి రిజిస్టరు ఇచ్చారంటే, నేల మీద నడిచానంటావా?

మీ తాత కేటలాగు పాత కాగితాల కొట్లో దొరికింది. అట్టలు లేవు. చెమ్మకి మొదటి కాగితం రెండోదానికి అతుక్కుపోయి ఉంది. రెండు చేతులతో చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు నా దగ్గరికి. "బామ్మర్దీ, పుస్తకాలకి చొక్కాలు కుట్టేవాడివి కదా, దీనికొకటి కుట్టు. ఆ మొదటి కాగితం మాత్రం జాగ్రత్తగా విడదియ్యి, నాకు ధైర్యం చాలలేదు" అన్నాడు. తోడబుట్టినదాని మొగుడు, డబ్బు తీసుకుంటానా, అట్టకి మంచి కాలికో గుడ్డ వేసి, అంచులు కోసి, ఎర్రరంగు పూసి ఇచ్చాను. ఆ మొదటి కాగితం విడదీస్తే రెండుగా చిరిగింది. చిరిగిన కాగితం నా బైండింగులో ఉండకూడదని నాకో నియమం. తీసేశాను. తెల్లటి కొత్త కాగితం వేశాను. దాని మీద ఏముందో చదవలేదు. మా గురువు నేర్పిందే అది, "బైండరు చదవకూడదురా, అక్షరం కనబడితే చెయ్యి ఆగుతుంది" అనేవాడు. కాగితం మందం చూస్తాం, మడత చూస్తాం, అంతే. మీ తాత వచ్చి పుస్తకం చూసుకుని, అట్ట నిమిరి, "అమ్మో, దీన్ని తెరవాలంటే భయంగా ఉంది, పెళ్ళికొడుకులా ఉంది" అని మురిసిపోయి పట్టుకుపోయాడు. మొదటి కాగితం సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఆ తర్వాత ఆరు నెలలకి సంఘంలో చేరాడు. రిజిస్టరు తెరిచి, "నీ పుస్తకం ఏ సంవత్సరం బావా" అని అడిగాను. "నన్నడుగుతావేంటి, పిల్లాడికి స్నానం చేయించినవాడికి పుట్టుమచ్చలు తెలియవా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, పైన ఏడుగురికీ ఏముందో అదే కింద రాసేశాను. అరవై మూడు. వాళ్ళ పుస్తకాల్లాగే అంతే లావు, అవే ఎర్ర అంచులు. అంచులకి ఎరుపు పూసింది నేనే కదా, అది కూడా తట్టలేదు చూడు. తెప్పించి చూడమని రూలు. నేను రాయించుకున్న రూలు. బావేగా, నేను బైండు చేసిన పుస్తకమేగా అనుకున్నాను. జీవితంలో నేను ఎవరికైనా రూలు సడలించింది ఆ ఒక్కసారే. దానికే ఇంత.

మూడేళ్ళు ఏ తేడా రాలేదు. అతను మార్చుకున్నవే తక్కువ, అవీ పుస్తకంలో ముందు పేజీల్లోవి. అప్పుడు మందుల షాపాయన చేతికి ఎక్కడినుంచో ఎనభై ఎనిమిది వచ్చింది. ఆ గడియార స్తంభం. ఆయన చీటీ రాశాడు, ఇది ఇస్తాను, నాకు రెండువందల పద్నాలుగు కావాలి అని. ఆ చీటీ చదువుతుంటే మీ తాత ముఖం చూడాలి. చిన్నముల్లు పరుగెత్తింది ఆ రోజే. షాపుకి పరుగున వెళ్ళి కవరు తెచ్చాడు. రెండువందల పద్నాలుగంటే దీపస్తంభం బొమ్మ, గోధుమ రంగు. అతని దగ్గర ఏదో పాత ఉత్తరాల కట్టలో దొరికింది ఒకటి ఉంది. కవర్లు మార్చాను. మీ తాత తన కవరు విప్పి, ఆకుపచ్చ స్తంభాన్ని కంటి దగ్గర పెట్టుకుని, "ఐదుంపావు బామ్మర్దీ, ఇందులో టైము ఐదుంపావు" అన్నాడు. పదకొండేళ్ళు ఎదురుచూసిన మనిషి అన్న మాట అది.

అటు మందులాయన పళ్ళు కొలిచే అట్టముక్క తీసి దీపస్తంభం అంచుకి ఆనించాడు. ఒకసారి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "ఇది లావు పళ్ళది. ఇది రెండువందల పదిహేను. సన్న పళ్ళది కదా పద్నాలుగు" అన్నాడు. విషయం ఏంటంటే తల్లీ, సన్న పళ్ళది దొరకదు. లావు పళ్ళది చెత్తబుట్టలో కూడా దొరుకుతుంది. మీ తాత తాపీగా, "నా పుస్తకంలో దీపస్తంభం గోధుమ రంగుది ఒక్కటే ఉందండీ, అది రెండువందల పద్నాలుగే" అన్నాడు. మందులాయన గొంతు లేపాడు. "ఒక్కటే ఎలా ఉంటుందయ్యా? అందరి పుస్తకాల్లో రెండుంటే నీ ఒక్కడి పుస్తకంలో ఒకటా? రోజంతా కంటికి అద్దం పెట్టుకునేవాడివి, నీకు పళ్ళు కనబడలేదా?" మాస్టారు చెయ్యి ఎత్తి, "మాటలొద్దు, రిజిస్టరు తియ్యండి" అన్నాడు. తీశాను. అరవై మూడు. నా చేతిరాత, గుండ్రంగా, కొట్టివేత లేకుండా. మీ తాత నా వైపు తిరిగి, మెల్లిగా అడిగాడు. "బామ్మర్దీ, నువ్వు చూసే రాశావా?"

నువ్వే చెప్పు, ఆ గదిలో ఏడుగురు నా ముఖం చూస్తున్నారు. ఆలస్యంగా వచ్చాడని నేను పేరు రాసినవాళ్ళు, నెల చందా ఒక్క రోజు దాటితే నేను తిరిగి పంపేసినవాళ్ళు. వాళ్ళ ముందు చూడలేదు అనాలి. "చూడకుండా రాసే అలవాటు నాకు లేదు బావా" అన్నాను. అతను లేచాడు, "పోనీ వెళ్ళి పుస్తకం తెస్తాను, అందరూ చూడండి" అన్నాడు. నేనే ఆపాను. "అక్కర్లేదు. నేను చూశానంటే చూసినట్టే. బావ అని నేను ఎవరినీ వెనకేసుకు రాను" అన్నాను. మాస్టారు నా భుజం తట్టాడు. తట్టాడు తల్లీ. న్యాయం ముందు చుట్టరికం చూడని మనిషని ఆ పూట నన్ను పొగిడారు. మీ తాత ఆకుపచ్చ స్తంభాన్ని పట్టకారుతో కవరులో పెట్టి, మందులాయన ముందుకి జరిపి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సభ్యత్వం రద్దు అని రాసింది కూడా నా చేతిరాతే.

పోతే పోయింది, స్టాంపుల సంఘమేగా అంటావు. అందరూ అదే అనుకుంటారు. మందుల షాపు అంటే ఊళ్ళో దగ్గొచ్చినా జ్వరమొచ్చినా ప్రతివాడూ ఎక్కే గడప. ఆయన చెడ్డవాడు కాదు, మోసపోయానని నిజంగానే అనుకున్నాడు, అందుకే పొట్లం కడుతూ ప్రతివాడికీ చెప్పాడు. "గోరంత స్టాంపు దగ్గరే అలా చేసినవాడు వాచీ మూత లోపల ఏం చేస్తాడో ఎవరికి తెలుసు?" నిజమే కదా, వాచీ ఇచ్చినవాడు లోపల చూడలేడు, నమ్మి ఇవ్వాలి. ఆ నమ్మకం మీదే కదా ఆ అల్మారాలాంటి గది నడిచేది. ఒకరోజు నేనక్కడ ఉండగానే వచ్చాడు బ్యాంకు గుమస్తా, నాలుగు రోజుల ముందు బాగుచేయించుకున్న వాచీ గాజుపెట్టె మీద పెట్టి, "ఇది పదిహేడు రాళ్ళ వాచీ, పదిహేడూ ఉన్నాయో లేవో నా ముందు లెక్కపెట్టు" అన్నాడు. మరలు అరగకుండా వాచీ లోపల చిన్న కెంపులు బిగిస్తారులే, వాటినే రాళ్ళంటారు. మీ తాత మూత విప్పి, ఒక్కో మర తీసి తెల్లకాగితం మీద పెట్టి, పట్టకారు మొనతో ఒక్కో రాయీ చూపించి, ఒకటి, రెండు, మూడు అని పదిహేడూ లెక్కపెట్టాడు. గంట పట్టింది. మళ్ళీ అన్నీ బిగించి ఇచ్చాడు. గుమస్తా చెవి దగ్గర పెట్టుకుని విని, సరేనని తలూపి వెళ్ళాడు. కూలి ఇవ్వలేదు, అతనూ అడగలేదు. నేను వెనక ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాను. ఏం చేశాను? గోడ మీది గడియారాలు చూశాను. అవే ఒకదాని తర్వాత ఒకటి గంట కొట్టాయి.

అప్పటికే నాకు తెలుసు తల్లీ. అదీ నేను ఎవరికీ చెప్పనిది. ఆ మీటింగు అయిన పది రోజులకి కోర్టు రిజిస్టరు ఒకటి బైండు చేస్తున్నాను. పుస్తకం వీపు గట్టిగా ఉండాలంటే గుడ్డకి లోపల కాగితం అతికిస్తాం, దానికి కొత్త కాగితం ఎవరూ వాడరు, పక్కన పడి ఉన్న చిత్తు కాగితం ఏదైతే అది. చెయ్యి చాపి చిత్తు కాగితం తీశాను, పిండి జిగురు పూశాను, వీపు మీద పరిచాను. పరుస్తుండగా చెయ్యి ఆగిపోయింది. మీ తాత పుస్తకానికి నేను వీపులో పెట్టింది ఆ చిరిగిన మొదటి కాగితమే. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి అతికించాను. పుస్తకం పేరూ, వేసినవాళ్ళ పేరూ, సంవత్సరమూ, అన్నీ దాని మీదే ఉంటాయి. ఏ సంవత్సరమో నేను చదవలేదు. కానీ అరవై మూడు కాదని ఆ క్షణమే తెలిసింది. నా చేతికి వచ్చిననాటికే అది మూడేళ్ళ కిందటి పుస్తకంలా లేదు, కాగితం పసుపెక్కింది, మడతల దగ్గర పెళుసు. చదవను సరే, కాగితం వయసు తెలియనివాణ్ణా నేను?

వచ్చే ఆదివారం చెప్పేద్దామనుకున్నాను. ఆదివారం వచ్చింది. మాస్టారు నాకు కొత్త కలం బహుమతి ఇచ్చాడు, నిజాయితీకి. పై ఆదివారం చెప్దామనుకున్నాను.

మా దుకాణంలో ఈ గోడ గడియారం ఉంది చూశావా, ఇదే, దీనికి కీ ఇచ్చేది అతనే, ప్రతి శనివారం సాయంత్రం. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నీ చెయ్యి నమ్మను, నువ్వు బిగిస్తే బిగిస్తూనే పోతావు. ఎనిమిది చుట్లు. తొమ్మిదోది అత్యాశ" అనేవాడు. ఇంత జరిగాక రాడనుకున్నాను. శనివారం వచ్చాడు. స్టూలు ఎక్కాడు, కీ తిప్పాడు. అటు తిరిగే, గడియారంతో మాట్లాడుతున్నట్టు అడిగాడు. "బామ్మర్దీ, ఆ మొదటి కాగితం విడదియ్యమన్నాను, గుర్తుందా? అదేమైంది?" ఎంత మెల్లిగా అడిగాడనుకున్నావు. గద్దించి అడిగితే చెప్పేవాణ్ణేమో. "గుర్తు లేదు బావా" అన్నాను. అతను మిగిలిన చుట్లు తిప్పి, మూత వేసి, దిగి, స్టూలు గోడకి జరిపి, "సరేలే, పెద్దముల్లువి, ఎప్పుడో మళ్ళీ తిరిగి అక్కడికే వస్తావు" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. వెళ్ళిపోయాడు.

లైబ్రరీలో కొత్త కేటలాగు చూసుకునే ఉంటాడు. తన పుస్తకం పాతదని తెలిసే ఉంటుంది. ఏ ఆదివారమైనా ఆ పుస్తకం చంకలో పెట్టుకుని మేడ మెట్లెక్కి బల్ల మీద పడేస్తే అయిపోయేది. ఎందుకు తేలేదు? నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. తెలియలేదో, తెలుసుకోలేదో. అతను తెస్తే, "చూసే రాశాను" అన్నవాడు అబద్ధాలకోరు అవుతాడు. నా అంతట నేను చెప్తానని చూశాడు. ప్రతి శనివారం వచ్చాడు, నాలుగేళ్ళు, కీ ఇచ్చాడు, ఇంకోసారి అడగలేదు. బామ్మర్ది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు. సామెతలు చెప్పినవాళ్ళు నన్ను చూడలేదు.

షాపులో సామాను సగం అమ్మేశాడు, ఖాళీ అయిన చోట తాళాలకి తాళంచెవులు చేశాడు. తాళంచెవి అయితే అక్కడే తిప్పి చూసుకోవచ్చు, ఎవరినీ నమ్మక్కర్లేదు కదా. మీ అమ్మకి అప్పుడు పదమూడు, పద్నాలుగు. బడిలో దాన్ని రెండువందల పదిహేను అని పిలిచేవాళ్ళట. నాకు తర్వాత తెలిసింది. మీ తాతకి ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను, దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని ఉన్నాడు, వేలితో దుప్పటి మీద ఏదో తిప్పుతున్నాడు. మా అక్క, "వాచీకి కీ ఇస్తున్నారు" అంది. నేను కూర్చుని, లేచి వచ్చేశాను. ఆ వారమే పోయాడు. మా అక్క ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది, నాతో మాట్లాడింది, కాఫీ ఇచ్చింది, పలకరించింది. కానీ తలుపు వెనక నుంచి కేకెయ్యడం మానేసింది. అడిగితే బాగుండేది. మా ఇంట్లో అందరూ అడగకుండానే చంపుతారు.

మాస్టారు పోయాడు. మందులాయన పోయాడు, ఆయన పోయేదాకా మీ తాతని మోసగాడనే అనుకున్నాడు. గుమస్తా పోయాడు. ఇంకెవరికి చెప్పాలి? లైబ్రరీ మేడ కూడా కూల్చి కట్టారు. నేనొక్కణ్ణే మిగిలాను, రిజిస్టరు ఆ బీరువా పైన ఉంది, చెదలు కూడా ముట్టలేదు దాన్ని. మంచి బైండింగు.

మూడోది తర్వాత చెప్తానన్నాను కదూ. కేటలాగు కొనేటప్పుడు మూడోది, ఏ సంవత్సరందో చూసుకోవాలి. కళ్ళతో చూసుకోవాలి. కొత్తది కొనకు తల్లీ. కొత్తది కొంటే మీ తాత రాసిన ప్రతి నంబరూ తప్పనే చెప్తుంది, పేజీ పేజీకీ చెప్తుంది. అతని ఆల్బమ్‌కి అతని కేటలాగే కావాలి. తెచ్చావా? ఏదీ... ఇదే. కాలికో రంగు వెలిసింది కానీ కుట్టు చెక్కు చెదరలేదు. ఆ సొరుగులో సన్నకత్తి ఉంది, తియ్యి. గుడ్డ ముక్క తడిపి పిండు, బాగా పిండు. వీపు మీద పరిచి అరగంట ఆగుదాం, పిండి జిగురు మెత్తబడుతుంది. నేను చెయ్యకూడదు, నువ్వు చెయ్యాలి. అంచు దగ్గర కత్తి పెట్టి పైకి లేపు. తొందరపడకు, మీ తాతలా చెయ్యి, నాలా కాదు.

ఆఁ, వచ్చిందా. గుడ్డతోపాటే లేస్తుంది, లేవనీ. చూడు, రెండు ముక్కలు పక్కపక్కన ఉన్నాయా? తిరగబడి ఉందా, అయితే వెలుతురుకి పట్టు. కింద, అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదువు.

ఏం సంవత్సరం? మళ్ళీ చదువు.

యాభై ఆరు.

యాభై ఆరా.

మీ అమ్మ సాయంత్రం ఇంట్లోనే ఉంటుందా? నువ్వు చెప్పకు. నువ్వు ఒక్క ముక్క చెప్పకు, నేను వస్తాను. ఆ కాగితం నా చేతికివ్వు, నేను పట్టుకొస్తాను... ఇవాళ శనివారం కదూ? ఆ స్టూలు గడియారం కిందికి జరుపు తల్లీ. మూత లోపలే ఉంటుంది కీ. ఎనిమిది చుట్లు. ఎనిమిదే.